అవ్వ ముఖం మీద ముద్ర

వీడియో మీద మన పేరు ముద్ర ఎలా వేసుకోవాలో నేర్పే వీడియోలు చూస్తే మనుషుల మీద మిగిలిన కాస్త గౌరవం కూడా పోతుంది. ఒకడు వస్తాడు, నమస్కారం పెడతాడు, చివరిదాకా చూడమంటాడు, గంట నొక్కమంటాడు, నిన్నటి వీడియోకు మనం చూపిన ప్రేమకు గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడతాడు. అసలు సంగతి దగ్గరికి రాగానే "ఇది చాలా ఈజీ ఫ్రెండ్స్" అని మౌస్‌ను గిరగిరా తిప్పి ముగిస్తాడు. ఏమి నొక్కాడో, ఎక్కడ నొక్కాడో వాడికే తెలియాలి. మూలన వాడి సొంత ముద్ర మాత్రం మొదటి నుంచి చివరిదాకా దీపంలా వెలుగుతూనే ఉంటుంది.

ఇలాంటి వాళ్ల ముందు నేను గంటలకొద్దీ కూర్చోవలసి రావడానికి కారణం కరీంనగర్‌లో ఉన్న ఒక చీరల దుకాణం. దాని పేరు రాసి దానికి ఊరికే ప్రచారం చేయడం నాకు ఇష్టం లేదు.

మాది నేత ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మరమగ్గాలు ఉన్నాయి, మా వైపు వాటిని సాంచెలు అంటారు. బాపు, అంటే మా నాన్న, ఎన్నో ఏళ్లు యజమాని ఇచ్చిన నూలు నేసి, యజమానికే బట్ట అప్పజెప్పి, యజమాని ఎంతంటే అంతకు తల ఊపాడు. తర్వాత సొంతంగా నూలు చీరలు నేయడం మొదలుపెట్టాడు. నేసినవి అమ్మడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. డిగ్రీ చదివి ఇంట్లో కండెలు చుట్టే నేను ఫోన్ పట్టుకుని అవ్వను (మా వైపు అమ్మను అవ్వ అనే అంటాం) నిలబెట్టి వీడియోలు తీయడం మొదలుపెట్టాను. సాంచెలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినిపించదు కనుక, కరెంటు పోయినప్పుడే మా షూటింగ్. మా ఊళ్లో కరెంటు పోతే సంతోషించే ఇల్లు మాదొక్కటే.

అవ్వకు అమ్మడం రాదని చెప్పాను కదా. చీర విప్పి, వెలుతురు పడేలా పట్టుకుని, దాని మీద ఉన్న లోపాలన్నీ ముందు చెప్పేది.

"గీ ఎర్రది ఉతుకంగ జర రంగు దిగుతది. మొదటిసారి ఉప్పు నీళ్లల్ల ముంచుండ్రి. గీడ ఒక పోగు లేసింది, చూడుండ్రి. ఇష్టముంటెనే తీసుకోండ్రి." ఇంకొకటి తీసి, "గీ నీలంది పోదు. నేనే ఉతికి చూసిన" అనేది.

మొదటిసారి ఆ మాటలు విని నేను తల పట్టుకున్నాను. దుకాణం పెట్టిన రోజే మూసేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉండదనుకున్నాను. కానీ జనం ఆ మాటలకే కొన్నారు. ఆసిఫాబాద్ నుంచి, బెల్లంపల్లి నుంచి, ఎవరో తెలియని ఆడవాళ్లు ఫోన్ చేసి "అవ్వ ఏది పోదన్నదో గదే పంపు" అనేవాళ్లు. చీర రంగు కూడా అడిగేవాళ్లు కాదు. అలా మేము యజమాని గడప తొక్కకుండా బతకడం మొదలుపెట్టాం.

ఒక మధ్యాహ్నం బోథ్ వైపు నుంచి ఒకామె బస్సులు మారి మారి మా ఇంటికి వచ్చింది. మా అవ్వ కంటే కొంచెం చిన్నది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నీళ్లిస్తే తాగకుండా సంచిలోంచి ఒక నీలం చీర తీసి అవ్వ ముందు పరిచింది. చీర ముందు భాగమంతా మరకలు. తన బిడ్డను ఇంటికి పిలిచి ఒడిబియ్యం పోసిందట. కొత్త చీర కట్టించి, కొంగులో పసుపు బియ్యం పోసి అత్తగారింటికి సాగనంపిందట.

"తొవ్వల వాన వడ్డదక్కా. ఇల్లు చేరేసరికి ఒడిల బియ్యమంత నల్లగైనయ్. మా వియ్యపురాలు గా బియ్యం ఇంట్లకే రానియ్యలే. అపశకునమని బయటనే పారవోయించింది. నా బిడ్డ ఏడ్సుకుంట ఫోన్ జేసింది."

అవ్వ చీర అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది మాది గాదు చెల్లె. ఇది నూలే గాదు."

"చీర నీది గాకపోవచ్చు. పోదన్న మాట నీదే గద? నీ మొకం జూసి కొన్న."

ఆమె తన ఫోన్ తీసి చూపించింది. కరీంనగర్ దుకాణం వాళ్ల వీడియో. మొదట మా అవ్వ, మా గోడ, మా చీర. తర్వాత చిటికెలో వాళ్ల చీర, తళతళలాడుతూ. దాని మీద మా అవ్వ గొంతు: "గీ నీలంది పోదు. నేనే ఉతికి చూసిన." మళ్లీ మా అవ్వ నవ్వు ముఖం. కింద వాళ్ల ఫోన్ నంబరు. సొమ్మొకడిది సోకొకడిది అని వినడమే తప్ప, ఇంత శుభ్రంగా కత్తిరించి అతికించగా చూడటం అదే మొదటిసారి.

అవ్వ లోపలికి వెళ్లి మా నీలం చీర ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆమె తీసుకోలేదు.

"నాకు చీరొద్దు. నీ మాట సంగతి చూడు. నా అసోంటోళ్లు ఇంకెంత మంది ఉన్నరో."

"చూస్త చెల్లె. నా మొకం బెట్టి ఇంకొగలను ముంచకుంట చూస్త" అంది అవ్వ.

ఆమె వెళ్లిపోయాక అవ్వ ఆ పూట అన్నం తినలేదు. ఎవరో వచ్చి నువ్వు దొంగవంటే మా అవ్వ ఇంత బాధపడేది కాదు, నాలుగు తిట్టి పంపేది. ఉతికి చూడని చీరను ఉతికి చూశానని తన నోటితోనే చెప్పించారు. అది ఆమెకు మింగుడు పడలేదు. ఆ పూట ఆమె ముఖం చూస్తే నాకు ఆ దుకాణాన్ని తగలబెట్టాలనిపించింది.

తగలబెట్టలేదు కాబట్టి ఫోన్ చేశాను. ఎత్తినవాడు ఎంతో మర్యాదస్తుడు.

"మేడం, ఇంటర్నెట్ల పెట్టింది అందరిది. మేము మీకు ఫ్రీగ పబ్లిసిటీ ఇస్తున్నం. మీరు మాకు థాంక్స్ చెప్పాలె."

దొంగకు సిగ్గు ఉండదని తెలుసు కానీ కృతజ్ఞత కూడా ఆశిస్తాడని తెలియదు. ఫిర్యాదు చేసే బటన్ నొక్కితే ఒక యంత్రం, నా బాధ తనకు ఎంతో ముఖ్యమని చెప్పి, ఆ తర్వాత నన్ను మర్చిపోయింది. ఠాణాకు వెళ్దామంటే బాపు, "చీర రంగు వోయిందని ఠాణాకు వోతె నవ్వరా?" అన్నాడు. ఇక మిగిలింది ముద్ర. మా ఇంటి పేరు, ఊరి పేరు, ఫోన్ నంబరు వీడియో మీదే అచ్చు వేస్తే వాడు ఎలా వాడుకుంటాడో చూద్దామనుకున్నాను.

మొదట దొరికిన ఉచిత సాఫ్ట్‌వేర్ నిజంగా మహానుభావుడు. పాత కంప్యూటర్‌లో దించుకుని, నానా తంటాలు పడి, మా ముద్ర వేసి వీడియో బయటికి తీశాను. చూస్తే మా పేరు మూలన చీమంత, తెర నడుమ ఆ సాఫ్ట్‌వేర్ పేరు తలుపంత. అది తీసేయాలంటే కొనుక్కోమంది. ఇంటికి తాళం వేద్దామని తెచ్చుకుంటే తాళం ఇచ్చినవాడు తన పేరు మన తలుపు మీద రాసుకుపోయినట్టుంది. దీన్ని ఉచితం అనడానికి ఎంత ధైర్యం కావాలి?

రెండోది నిజంగా ఉచితం. చూడటానికి సర్కారు ఆఫీసులా ఉంటుంది, పలకరిస్తే పలకదు, కానీ లోపల పని జరుగుతుంది. కింది వరుసలో వీడియో పెట్టాలి. పై వరుసలో అక్షరాల బొమ్మ పెట్టాలి, వెనక రంగు లేని బొమ్మ అయితేనే అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. దాన్ని కొంచెం పలుచన చేస్తే కింది వీడియో కూడా తెలుస్తుంది. ఇంతే. దీన్ని చెప్పడానికి ఆ గంట నొక్కించే మేధావులకు నోరు రాలేదు.

అక్షరాల బొమ్మను పెట్టగానే అది కొన్ని క్షణాలే ఉంటుంది, వీడియో ఎంత పొడుగుంటే అంత పొడుగు దాన్ని లాగాలి. ఆ సంగతి నాకు తెలియదు. మొదటి వీడియోలో మా ముద్ర అలా మెరిసి ఇలా పోయింది. మళ్లీ చేద్దామనుకుంటుంటే బాపు వెనక నిలబడి చూసి మెచ్చుకున్నాడు.

"మంచిగున్నది. ముద్ర కొసకే ఉండాలె. బట్ట తాను నడిమిట్ల ముద్ర కొడుతరా ఎవలన్న? గది ముద్ర గాదు, దాగు. మాలు సెకండ్స్ కింద వోతది. గా కొసకు గూడ ఒకటి కొట్టు, అయిపాయె."

బాపు పుట్టిన దగ్గర్నుంచి చూసిన ముద్ర అదే. బట్ట తాను కొసన ఎవరి సరుకో తెలిపే ముద్ర ఉంటుంది, నడుమ మరక పడితే సరుకు చెడినట్టే. నేను కూడా ఆ ఇంట్లోనే పుట్టాను కదా, నాకూ అది సబబుగానే తోచింది. వీడియో మొదట ఒకటి, చివర ఒకటి ముద్ర కొట్టి, తాను మడిచి బజారుకు పంపినంత గర్వంగా పెట్టేశాం. బట్టల వ్యాపారి ముద్ర ఉన్న కొసను ఆఖరిదాకా తెంపడు, ఎందుకంటే ఆ పేరు చూపించే అమ్ముకోవాలి. వీడియో దొంగకు ఆ అవసరం ఎక్కడిది? మర్నాడు వాడు రెండు కొసలూ కత్తిరించి నడుమ భాగం పెట్టుకున్నాడు. ఇంత మాత్రం ఊహించని మా ఇద్దరి తెలివినీ చూసి మా ఇంటి కోడి కూడా నవ్వి ఉంటుంది.

తర్వాత ముద్రను వీడియో పొడుగునా లాగి, పై మూలన పెట్టాను. వాడు బొమ్మను కాస్త పెద్దది చేశాడు, మూల పోయింది. దాంతోపాటు మా అవ్వ కొప్పు కూడా పోయింది. కింది మూలన పెడితే ఆ మూలతోపాటు చీర అంచు పోయింది. వాడికి ఈ పని ఎంత తేలికో చూస్తుంటే నాకు వాడి మీద కంటే, మూలల మీద నమ్మకం పెట్టుకోమని నేర్పిన మేధావుల మీద ఎక్కువ మంట పుట్టింది.

"ఇగ చీర మీదనే ఏస్త. నడిమిట్ల, అడ్డంగ" అన్నాను.

అవ్వ ఒప్పుకోలేదు. "బట్ట మీద రాత వడితె కొనేటోళ్లకు పోగు కనవడదు. లోపం దాసినట్టె గద? మనం గూడ గదే పని జేస్తె వానికి మనకు ఫరకేముంది?"

"మరెక్కడెయ్యాలె? నీ మొకం మీదనా?" నేను కోపంతో అన్నాను.

"ఎయ్యి. బట్ట అమ్ముతున్న గని మొకం అమ్ముతున్ననా?"

ఆమె నిజంగానే అంది. నేనూ మొండిగా వేశాను. అవ్వ మాట్లాడేటప్పుడు తల ఒక్కచోట ఉంచదు. తల కదిలినచోటల్లా అక్షరాలను కూడా కొంచెం కొంచెం కదిలించాలి. బొట్టు మీద ఇంటి పేరు, కళ్ల మీద ఊరి పేరు, నోటి మీద నంబరు. ఆ పని చేస్తూ చేస్తూ నాకు ఏడుపొచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముఖాన్ని నా చేతులతో నేనే తుడిచేస్తున్నట్టనిపించింది. మా చుట్టాలకు మాత్రం బాగా సరదా అయింది. "మీ అవ్వకు నంబర్ ప్లేటు ఏపిచ్చినవా?" అని ఒక పెళ్లిలో ఒకడు నలుగురి ముందు అడిగాడు. చీర ఒక్కటి కూడా కొనని చుట్టానికి చమత్కారం మాత్రం ఎక్కడలేనిది ఉంటుంది.

కొన్నాళ్లు దొంగ నోరు మూసుకున్నాడు. గెలిచామనుకున్నాం. అప్పుడు బోథ్ ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, మొన్న కరీంనగరోళ్ల వీడియోల ఉన్నది నువ్వేనా? మొకం మీద రాతలున్నయ్. సదువుదమంటె మసకమసకగున్నయ్."

చూస్తే అది అవ్వ కాదు, ఎవరో ఆడమనిషి. మా అవ్వలాగే చీర పట్టుకుంది. ముఖం నిండా చదవరాని అక్షరాలు పులిమారు. ముఖం మీద రాత ఉంటే మా అవ్వే అని జనానికి మేమే అలవాటు చేశాం కదా. వాడికి ఇప్పుడు మా అవ్వతో కూడా పనిలేదు.

"మొకం కనవడకుంటె నేనెట్ల నమ్మాలక్కా? రాతలు పులుముకొని ఎవ్వలైన నిలవడొచ్చు" అంది ఆమె.

అవ్వ ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. "తీసెయ్ గా రాత" అంది. ఎంత కష్టపడి నేర్చుకున్నానో చెప్పబోయాను. వినలేదు.

మర్నాడు పగలు కరెంటు పోయింది. సాంచెలు ఆగాయి. అవ్వ ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, గోడ ముందు నిలబడి చీర విప్పింది. నేను ఎప్పటిలా ఫోన్ పట్టుకున్నాను.

"గిది నూలు చీర, కరీంనగర్ల నా మొకం బెట్టి అమ్మేటోడు దొంగ, గిది అంచు, సిగ్గులేనోడు ఇసోంటి అంచు కండ్లతోని సూసిండో లేదో, గిది కొంగు, వాని చీర రంగు వోతది వాని బతుకు రంగు వోతది, గిది ఉతికితె ఆ లుచ్చగాని చీర తీరుగ పోదు, నేనే ఉతికి చూసిన, వాడు వాని మొకం గూడ ఉతుక్కోలే."

ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. నాకు నవ్వాగక ఫోన్ వణికింది. సాయంత్రం కరెంటు వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని, నేనే దొంగనైతే ఏం చేస్తానని ఆ వీడియోను కత్తిరించి చూశాను. "పోదు" అన్న మాటను తీద్దామంటే దాని ముక్కుకు లుచ్చగాడు తగులుకుని వచ్చేవాడు. "నేనే ఉతికి చూసిన" దగ్గర తెంపితే వాడి ముఖం అంటుకునేది. అంచు చూపిన ముక్క తీస్తే సిగ్గులేనోడు వెంటపడేవాడు. ఎన్నిసార్లు ఎన్ని చోట్ల తెంపినా తిట్టు లేని జానెడు ముక్క దొరకలేదు. ఏ ఉచిత సాఫ్ట్‌వేరూ వేయలేని ముద్రను మా అవ్వ నోటితో వేసింది. ఆ సాయంత్రం నాకు కలిగినంత సంతోషం నా డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

బాపు మాత్రం గడప మీద కూర్చుని గొణిగాడు. "ఆడామె గిట్ల తిడితె చీరలెవలు కొంటరు?"

కొన్నారు. కొందరైతే తిట్లు వినడానికే వచ్చి, ఉత్త చేతులతో పోలేక కొన్నారు. దుకాణం వాడు అవ్వ గొంతు తీసేసి పాట పెట్టి ఒక వీడియో వదిలాడు. కింద ఎవరో "అవ్వ నిన్నే తిడుతుంది గద అన్నా" అని రాశారు. దాని కింద ఇంకొందరు నవ్వారు. వాడు ఆ వీడియో తీసేశాడు.

బోథ్ ఆమె మళ్లీ ఫోన్ చేసింది. "ఇప్పుడు నువ్వేనని ఎరికైందక్కా. మా బిడ్డకొకటి పంపు. ఈసారి మళ్ల పోస్త ఒడిబియ్యం."

"పచ్చది జర దిగుతది. వద్దు. నీలందే తీసుకో" అంది అవ్వ. ఆ రోజు తనే మూట కట్టింది, నన్ను ముట్టనివ్వలేదు.

ఆ తర్వాత దుకాణం వాడే ఫోన్ చేశాడు. నాతో కాదు, అవ్వతో మాట్లాడతానన్నాడు. ఫోన్ గొంతు అందరికీ వినబడేలా పెట్టాను. అదే మర్యాద, అదే తేనె.

"నమస్తే అమ్మా. మీ వీడియోలు మునుపటి తీరుగ వస్తలెవ్వు. మా కస్టమర్లకు మీ మొకం అలవాటైంది. జర తిట్లు లేకుంట తియ్యరాదుండ్రి."

నా జీవితంలో నేను విన్న మాటలన్నిటిలో ఇంత నీచమైనది లేదు. ఎత్తుకుపోయే సరుకు శుభ్రంగా లేదని ఇంటివాళ్లకు ఫిర్యాదు చేస్తున్నాడు. నేను ఫోన్ లాక్కోబోయాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, చీర లోపం చెప్పేటప్పటి గొంతే.

"బిడ్డా, నీ దుకాణంల చీరలు ఉతికితె రంగు వోతదా?"

"జర పోతదమ్మా. గా రేటుకు పోదా మరి?"

"గా ముక్కనే చెప్పు. నీ మొకం బెట్టి చెప్పు. కొనేటోళ్లు కొంటరు."

వాడు ఫోన్ పెట్టేశాడు.

ఆ దుకాణం వీడియోలు ఇప్పటికీ వస్తున్నాయి, అప్పుడప్పుడూ నేను చూస్తాను. మా అవ్వ వాటిలో లేదు. అమ్మేవాడూ లేడు. ప్లాస్టిక్ బొమ్మలు చీరలు కట్టుకుని వరుసగా నిలబడి ఉంటాయి. ఆ బొమ్మలకు తలలు లేవు.